చెవిగాటు

కస్టమ్స్ వాళ్లు షెడ్డులో ఒత్మార్ పెట్టెలు విప్పే రోజున నేను పెళ్లిళ్లకు వేసుకునే నల్ల గౌను వేసుకొని వెళ్లాను. బూట్లకు మేక కొవ్వు రాసి మెరిపించాను. మూడేళ్లుగా ఆ రోజు కోసమే ఎదురుచూశాను. ఆ మనిషి మొహం మాడిపోవడం దగ్గర నుంచి చూడాలని నా కోరిక. అంతకన్నా గొప్ప కోరికలేవీ నాకు లేవు, ఉన్నాయని అబద్ధం చెప్పను.

నా పేరు ఎర్మెలిందా. అగువా అమార్గా రేవు వెనక కొండల్లో మేకలు కాస్తాను. మా అమ్మ కాసింది, వాళ్లమ్మ కాసింది. మా దగ్గర వాన కురవదు. తెల్లవారేసరికి సముద్రం మీది పొగమంచు, మేం కామంచాక అంటాం, వాలు పట్టుకుని పైకి ఎక్కుతుంది. ఆ తడి మీదే మా కొండ బతకాలి. దాన్ని తాగి బతికే కాక్టస్ మొక్కలు ఒకప్పుడు వాలు నిండా ఉండేవి. ఒంటినిండా బూడిద పూసుకున్నట్టు తెల్లగా ఉంటాయి. అన్నీ ఉత్తరం వైపే తల వాల్చి నిలబడతాయి. మేం వాటిని బూడిదవ్వలు అంటాం. అన్నింటికన్నా పెద్దది నా నడుం దాకా ఉండేది. దాని పేరు పెద్దవ్వ.

ఒరియానా అనే అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఏటా వచ్చి వాటికి కొలతలు తీసేది. ప్రతి మొక్క పక్కనా నంబరు బిళ్ల పాతింది. ఏడాదికి గోరు మందం కూడా పెరగవని, పెద్దవ్వ పుట్టేనాటికి మా రేవులో ఇల్లన్నదే లేదని లెక్కగట్టి చెప్పింది. పొగమంచు ఏటికేడు పలచబడుతోందని, ఇరవై ఏళ్లలో ఈ వాలు మీద మొలిచి నిలిచిన పిల్ల మొక్కలు రెండంటే రెండేనని కూడా చెప్పింది. అంటే ఒకటి పోతే పోయినట్టే. ఆ మాట మా తమ్ముడు ఎలియెసర్ మనసులో బాగా నాటుకుంది. యూనివర్సిటీ వాళ్లు వాణ్ని కాపలాకు పెట్టారు. వాడు దాన్ని ఉద్యోగం అనుకోలేదు. పొద్దున్నే వెళ్లి ఒక్కోదాన్ని పేరు పెట్టి పలకరించి వచ్చేవాడు. నేను వెక్కిరిస్తే నవ్వేవాడు.

ఒత్మార్ మా కొండకు వచ్చింది అప్పుడే. సముద్రం అవతలి మనిషి, గడ్డి టోపీ, మెళ్లో భూతద్దం. తానూ పరిశోధకుణ్నేనన్నాడు. మా ఇంట్లో పదకొండు రోజులు తిన్నాడు. ఎలియెసర్ వాణ్ని వాలంతా తిప్పి, ఏ మొక్క ఎక్కడుందో, ఏది ఎప్పుడు పూస్తుందో పిల్లల్ని చూపించినట్టు చూపించాడు. పోయేటప్పుడు వాడు నా తమ్ముడికి ఒక దుర్భిణి బహుమతిగా ఇచ్చాడు. ఎలియెసర్ దాన్ని మేకపిల్లలా గుండెకు హత్తుకుని తిరిగాడు.

ఆ ఆగస్టులో, మేకలకు గజ్జి తగిలి మేమిద్దరం నాలుగు రోజులు దొడ్డి దాటలేదు. ఐదో రోజు పైకి వెళ్లేసరికి వాలు మీద అరవై మూడు గుంతలున్నాయి. పెద్దవ్వతో కలిపి డెబ్బై చిల్లర మాత్రం మిగిలాయి. పోయినవాటి నంబరు బిళ్లలన్నీ ఒకచోట కుప్ప పోసి ఉన్నాయి, తిన్నవాడు ఎముకలు పళ్లెం పక్కన పెట్టినట్టు.

సార్జంట్ విల్చెస్ వచ్చాడు. మేకల కాపరి కొడుకే, నన్ను అత్తా అని పిలుస్తాడు. వచ్చి దుర్భిణి చూశాడు, ఒత్మార్‌తో భుజాలు కలిపి తీయించుకున్న ఫొటో చూశాడు, నా తమ్ముణ్ని జీపెక్కించాడు. రుజువులు లేక ఆరు వారాల తర్వాత వదిలేశారు. కానీ కాపలా పని పోయింది. రేవులో వాడు కనిపిస్తే చాలు, “ఏం ఎలియెసర్, అవ్వల్ని ఎంతకమ్మావు?” అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు కొండకు రావడమే మానేశాడు. బతుకుతెరువుకు సముద్రపు నాచు కోసేవాళ్లలో చేరాడు. కొండమీద మేకలాగా నడిచే మనిషికి ఈత రాదు. మరుసటి ఏడు నవంబరులో ఒక అల వచ్చి వాణ్ని రాతి మీంచి తీసుకుపోయింది. మూడో రోజున ఒడ్డుకు ఇచ్చింది. బూట్లు కూడా లేవు.

నేను ఏడవలేదు. ఏడిస్తే కడుపులోది కరిగిపోతుందని భయం. దాన్ని గట్టిగా ఉంచుకోవాలనుకున్నాను.

ఒరియానాను అడిగాను, వాణ్ని పట్టుకునే దారేంటని. ఆ పిల్ల మా పొయ్యి దగ్గర కూర్చుని తల అడ్డంగా ఊపింది.

“వాడికో నర్సరీ ఉంది పెద్దమ్మా. ఇవన్నీ విత్తనం వేసి పెంచినవే అంటాడు. కాగితాలన్నీ పక్కాగా పెట్టుకున్నాడు.”

“మన కొండవని తెలీదా? నీ మిషన్లు చెప్పవా?”

“చెప్తాయి. మన కొండ జాతే అని చెప్తాయి. ఎన్నో ఏళ్ల కిందట ఇక్కడి విత్తనం పద్ధతిగా కొన్నా, దాన్నే పెంచా అంటాడు. అప్పుడేం చేస్తాం? ఈ మొక్క ఇదే గుంతలోదని చెప్పే గుర్తు కావాలి. నా బిళ్లలేమో వాడు పీకి పారేశాడు.”

గుర్తు అనే మాట ఆమె నోట్లోంచి రాగానే నా చెయ్యి నడుం దగ్గరున్న కత్తి మీదికి పోయింది. ఆమె చూడలేదు. నేను చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

మాలో మేక ఎవరిదో చెప్పేది చెవి. ఏటా సెప్టెంబరు ఆఖరున, పిల్లలన్నింటినీ దొడ్లో చేర్చి చెవిగాట్లు పెడతాం. ఒక్కో కుటుంబానికి ఒక్కో గాటు. మాది కుడి చెవి కొసన చీలిక, ఎడమ చెవి కింద అర్ధచంద్రం. మునిసిపాలిటీ పుస్తకంలో బొమ్మతో సహా రాసి ఉంటుంది. మా అమ్మమ్మ పేరు మీద ఉన్న ఆ పేజీ ముందు ఏ పోలీసైనా నోరు మూసుకోవాల్సిందే. దానికొక కట్టడి కూడా ఉంది. మొదటి పిల్లను కోసిన దగ్గర్నుంచి ఆఖరి పిల్ల దాకా కత్తి తుడవకూడదు. మధ్యలో తుడిస్తే మంద తుడిచిపెట్టుకుపోతుంది. అన్నింటికన్నా మంచి పిల్లను ఆఖర్న కోస్తాం, మంద నెత్తురంతా దానికి తగిలితే మందంతా దాని అంత అవుతుందని.

వాడు పోయిన మరుసటి సెప్టెంబరులో మేకపిల్లల పని అయ్యాక అదే కత్తి పట్టుకుని కొండెక్కాను. రెండు రోజులు మోకాళ్ల మీద పాకాను. బండి దారికి దగ్గరగా ఉన్నవి, కొనేవాడి కళ్లు చెదిరేవి, నలభై ఏరుకున్నాను. ఒక్కోదాని మొదట్లో మట్టి తోడి, నేల కింద ఉండే మెడ మీద మా గాటు పెట్టాను. చీలిక, పక్కనే అర్ధచంద్రం. వెంటనే తడిమట్టి తెచ్చి కప్పేసి, పైన రాళ్లు ఎలా ఉన్నవి అలా సర్దాను. చెయ్యి అలవాటు పడడానికి మొదట ఆ నలభైలోనే దారి మలుపులో నలతగా ఉన్న ఒకదాని మీద కోసి చూశాను. ఆఖరున పెద్దవ్వను కోశాను. “కొంచెం ఓర్చుకో” అని కూడా అన్నాను. కత్తి మాత్రం ఒక్కసారి కూడా తుడవలేదు. మంద ఒకటే కదా.

తర్వాత డిసెంబరులో పెద్దవ్వ నెత్తిన పసుప్పచ్చ పూలు విచ్చాయి. నాచు కొనే లారీవాడి ఫోన్‌తో ఫొటో తీయించి, ఒత్మార్ ఒకప్పుడు మా ఇంటికి పంపిన క్రిస్మస్ కార్డు మీద ఉన్న నంబరుకు పంపించాను. తమ్ముడు పోయాడని, కొండను చూసేవాళ్లు లేరని, పూలు మాత్రం బాగున్నాయని రాయించాను.

జనవరిలో వచ్చాడు, చాక్లెట్ పెట్టె పట్టుకుని. ఎలియెసర్ కూర్చునే బల్ల మీదే కూర్చున్నాడు.

“దోన్యా ఎర్మెలిందా, మీ సోదరుని మరణవార్త నన్ను మిక్కిలి బాధించినది,” అన్నాడు. వాడి మాటెప్పుడూ అంతే, ఇస్త్రీ చేసి బొత్తాలన్నీ పెట్టుకుని ఉంటుంది.

“పోయినోళ్లు పోయారులే అయ్యా. రొట్టె తిను. బూడిదలో కాల్చింది, నీకిష్టం గదా.”

“ఇప్పుడు కొండను ఎవరు చూచుకొనుచున్నారు?”

“ఎవరున్నారు? నేనూ, నా మేకలూ. సోమవారం మేకల్ని పైన ఊట కాడికి తోలుకపోతన్నా. శుక్రవారం దాకా రాను.”

“ఒంటరిగానా? మీకు భయము లేదా?”

“నాకేం భయం? పోవాల్సిందంతా పోయింది. ఇంకో ముక్క జున్ను ఎయ్యమంటావా?”

వేయించుకున్నాడు. నాలుగు ముక్కలు తిన్నాడు. నేను వెనక నిలబడి వాడి మెడ మీది ఎర్రటి మడతలు చూశాను. జున్ను కోసే కత్తి నా చేతిలోనే ఉంది. అదొక చిన్న పని, రెండు క్షణాలు పట్టేది. అంత చిన్న పనితో నా కడుపు నిండదనుకున్నాను. కత్తి కడిగి గూట్లో పెట్టాను.

మంగళవారం పైన రాళ్ల చాటున బోర్లా పడుకుని, నా తమ్ముడి దుర్భిణిలోంచి అంతా చూశాను. ఇద్దరు కూలీలు, ఒక వ్యాను. ఇరవై రెండు పీకారు. పెద్దవ్వకు గంటన్నర పట్టింది. వేళ్లు తెగినప్పుడు వాడు టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. లేచి పరుగెత్తకుండా ఉండడానికి నా మణికట్టు నేనే కొరుక్కున్నాను. ఆ పంటి గాట్లు ఇంకా పోలేదు.

మధ్యాహ్నానికల్లా విల్చెస్ దగ్గరికి వెళ్లాను.

“సార్జంటూ, మా మందలో ఇరవై రెండు పోయాయి. దొంగ ఎవరో, బండి నంబరేందో చెప్తా రాసుకో.”

“మేకల దొంగతనమా అత్తా? ఈ కాలంలో ఎవడు?”

“ముందు నువ్వు బండి ఆపు. మేకలో కాదో పుస్తకం తెచ్చి చూద్దువుగాని.”

నా తమ్ముణ్ని జీపెక్కించిన నాటి నుంచి అతను నా కళ్లలోకి చూడడం మానేశాడు. ఆ రోజు కూడా చూడలేదు, కానీ ఫోన్ తీశాడు.

అలా మనం కస్టమ్స్ షెడ్డుకు వచ్చాం. ఓడరేవులో పట్టుకున్నారు. ఒత్మార్ లాయరు బల్ల నిండా కాగితాలు పరిచాడు. విత్తనం కొన్న రసీదు, మొలకెత్తించిన తేదీ, కుండీ మార్చిన తేదీ. అధికారులు గడ్డాలు గోక్కుంటున్నారు. ఒరియానా గొంతు చించుకుని చెబుతోంది, ఇంత వయసు మొక్క నర్సరీలో రాదని. లాయరు నవ్వి, “మేడంగారి అభిప్రాయం” అంటున్నాడు. ఒత్మార్ నాకేసి చూసి టోపీ అంచు తాకాడు. నేనూ మర్యాదగా తల ఊపాను.

“అయ్యలారా,” అన్నాను, “ఆ పెద్దదాన్ని కాస్త పక్కకి ఒరగేసి మెడ దగ్గర మట్టి దులపండి.”

దులిపారు. చీలిక. పక్కనే అర్ధచంద్రం.

“ఇంకోటి దులపండి.”

మళ్లీ అదే. ఇరవై రెండూ దులిపారు. విల్చెస్ మునిసిపాలిటీ పుస్తకం తెరిచి మా అమ్మమ్మ పేజీ మీద వేలు పెట్టాడు. పైకి చదివాడు. “కుడి కొసన చీలిక, ఎడమ కింద అర్ధచంద్రం. అత్తా, కాక్టస్‌లకు చెవులు కోశావా?”

షెడ్డంతా నవ్వింది. ఒత్మార్ నవ్వలేదు. మెడ మీది ఎరుపు మొదట చెవులకు ఎక్కింది, తర్వాత మొత్తం దిగిపోయి మొహం సుద్ద అయింది. నేను దగ్గరికి వెళ్లి తనివితీరా చూశాను.

“దోన్యా ఎర్మెలిందా,” అన్నాడు, “మనము కలసి భోజనము చేసితిమి.”

“మా తమ్ముడూ చేశాడు,” అన్నాను.

సంకెళ్లు వేసి తీసుకుపోయారు. ఆ సాయంత్రం విల్చెస్ శ్మశానానికి వచ్చి, ఎలియెసర్ సమాధి ముందు టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. రేవు రేవంతా చూసింది. నేను ఇంటికి వచ్చి చాక్లెట్ పెట్టె మేకలకు పడేశాను. అవి కాగితంతో సహా తిన్నాయి. ఆ వారం రోజులూ నేను సుఖంగా నిద్రపోయాను, దాచడం ఎందుకు.

రెండు వారాల తర్వాత ఒరియానా ఒంటరిగా వచ్చింది. మొక్కల్ని తెస్తుందని గుంతలన్నీ సిద్ధం చేసి పెట్టాను. వ్యాను వెనక ఏమీ లేదు.

“పెద్దమ్మా, ఆ గాట్లు ఎప్పుడు పెట్టావు?”

“సెప్టెంబరులో.”

“కోశాక ఎన్నాళ్లు ఆరనిచ్చావు?”

“ఆరనీయటమేంది? అప్పుడే మట్టి కప్పా. వాడికి కనపడకూడదు గదా.”

“ఒక్కో మొక్క తర్వాత కత్తి తుడిచావా?”

ఎందుకడుగుతోందో తెలియక నవ్వాను. “మంద పూర్తయ్యేదాకా తుడవరే పిల్లా. నీకు తెలీదా?”

ఆమె వాలు మీదికి నడిచింది. నేను గాటు పెట్టి, ఒత్మార్ ముట్టుకోనివి ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. మొదటిదాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగింది. సీసా మూతలా ఊడి వచ్చింది. కింద మెడ లేదు. నారింజ రంగు బురద ఉంది, పులిసిన వాసన. రెండోది కూడా అంతే. మూడోది నేనే లాగాను. పైన తెల్లగా, బిర్రుగా, ఉత్తరానికి తల వాల్చి నిక్షేపంగా ఉంది. లోపల ఏమీ లేదు.

“మేం గాటు పెట్టాల్సొస్తే ప్రతిసారీ కత్తి స్పిరిట్‌తో తుడుస్తాం,” అంది ఒరియానా. ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. “కోసిన చోట బెరడు కట్టేదాకా రోజుల తరబడి గాలికి వదిలేస్తాం. ఒక మొక్కలో కుళ్లు ఉంటే చాలు, కత్తి దాన్ని మిగతా అన్నిటికీ మోస్తుంది. పట్టుకున్న ఇరవై రెండూ ఇలాగే కుళ్లి చచ్చాయి. నువ్వు మొదట కోసింది ఏది?”

చూపించాను. దారి మలుపులో నలతగా ఉన్నది. నా చెయ్యి అలవాటు పడడానికి కోసింది.

“ఆఖర్న?”

నేను పెద్దవ్వ గుంతకేసి చూశాను. మంద నెత్తురంతా తగలాలని ఆఖర్న కోశాను. ముప్పై తొమ్మిది మెడల కుళ్లు ఆ ముసలిదానికి నా చేత్తో నేనే పూశాను.

ఒరియానా బండ మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీసింది. కోర్టుకు ఇవ్వాల్సిన నివేదిక.

“పీకటం వల్ల చచ్చాయని రాస్తే శిక్ష రెట్టింపు అవుతుంది. ఆరేళ్ల దాకా పడొచ్చంట. అడిగేవాళ్లు కూడా లేరు. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఏం రాయమంటావు?”

ఆరేళ్లు. వాడికి అరవై దాటాయి. ముద్ద నోటి దాకా వచ్చింది, మింగడమే తరువాయి. నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఆ గడ్డి టోపీ జైలు గోడ మీద మేకుకు వేలాడుతూ చీకిపోవడం కళ్ల ముందు కనిపించింది. వాడు అరవై మూడింటిని చంపినవాడే, ఇంకో నలభై వాడి నెత్తిన పడితే ఏమవుతుంది?

కానీ ఇంకొకరు చేసింది నెత్తిన పెట్టుకుని తిరగడం ఎలా ఉంటుందో నేను చూశాను. ఏడాది పాటు ఒకే ఇంట్లో, ఒకే పళ్లెంలో చూశాను. నా తమ్ముడు రొట్టె తుంచి తినకుండా అలాగే కూర్చునేవాడు. ఆ రోజున ఎలియెసర్ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, చచ్చి కూడా నా చెయ్యి పట్టుకున్నాడే అని సమాధి దాకా వెళ్లి తిట్టాలనిపించింది.

“ఉన్నదున్నట్టు రాయి,” అన్నాను.

“ఆలోచించుకో పెద్దమ్మా.”

“ఆలోచిస్తే రెండోది రాయమంటా. త్వరగా రాయి. ఆ అరవై మూడూ వాడియ్యే, రాయి. మా తమ్ముణ్ని కూడా రాయి.”

“తమ్ముణ్ని రాయటానికి ఈ ఫారంలో చోటు లేదు,” అంది.

పాత అరవై మూడింటికి కోర్టులో సాక్ష్యం నిలవలేదు. తీర్పు రోజున ఒరియానా నివేదిక పైకి చదివారు. నలభై మొక్కలు మేకల కాపరి ఎర్మెలిందా కత్తి వల్ల చనిపోయాయని, నా పేరు పూర్తిగా, అమ్మ పేరూ నాన్న పేరూ కలిపి చదివారు. లాయరు నిలబడి, అసలు హంతకురాలు ఎవరో కోర్టువారు గమనించాలన్నాడు. పీకినందుకు, దాటించబోయినందుకు ఏడాదిన్నర వేశారు. తీసుకుపోతూ ఒత్మార్ నా ముందు ఆగాడు. టోపీ లేదు గనుక, లేని టోపీ అంచు తాకి వెళ్లాడు.

పెద్దవ్వ నెత్తి మీది నూగులో ఒరియానాకు పిడికెడు గింజలు దొరికాయి. మట్టికుండలో వేసింది. పదకొండు మొలిచాయి. నేను చచ్చేనాటికి శనగగింజంత అవుతాయట.

ఈ సెప్టెంబరులో చెవిగాట్లు పెట్టేటప్పుడు ప్రతి పిల్ల తర్వాతా కత్తిని స్పిరిట్ గుడ్డతో తుడిచాను. సాయానికి వచ్చిన పక్కింటి సాతుర్నీనా పిల్లను వదిలేసి సిలువ గీసుకుంది.

“ఇదేం పోయేకాలమే ఎర్మే? మీ అమ్మమ్మ చూస్తే చంపుద్ది. మంద తుడిచిపెట్టుకపోద్ది.”

“పోయిందిగా,” అన్నాను. “పిల్లను గట్టిగా పట్టుకో.”

వచ్చే ఏడు డిసెంబరుకు ఒత్మార్ బయటికొస్తాడు. పూల కాలం. బండి దారికి దూరంగా, నా కత్తి తగలని అవ్వలు ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి, ఆ సంగతి వాడికీ తెలుసు. రోజూ పొద్దున్నే దుర్భిణి మెళ్లో వేసుకుని వెళ్లి వాటిని పేరుపేరునా పలకరించి వస్తున్నాను. వాడొస్తే బల్ల వేసి, జున్ను కోసి పెడతాను. చెవిగాట్ల కత్తి నూరి ఉంచాను. పక్కనే స్పిరిట్ సీసా కూడా ఉంచాను.